పాండిచ్చేరిలో వీసా ఫోటో: మచ్చలతో సహా

ఈ ప్రయాణానికి మూలం ఒక జంపఖానా. మాది వరంగల్, కాశిబుగ్గ. ఎనభైల మొదట్లో హైదరాబాదులో జరిగిన ఒక చేనేత ప్రదర్శనకు మేం పంపిన జంపఖానా, నీలం మీద ఎర్రటి మెట్లు మెట్లుగా నేసింది, ఒక ఫ్రెంచి దొరసాని కంట్లో పడింది. ఆమె దాన్ని కొనుక్కుని తన దారిన తాను పోయి ఉంటే ఈ కథే లేదు. ఎవరు నేశారో ఆరా తీసి, ఇంగ్లీషు వచ్చిన ఒక కాలేజీ అమ్మాయిని వెంటబెట్టుకుని, నేరుగా మా గల్లీలోకి వచ్చేసింది! మా మగ్గం పక్కన పీట వేసుకుని పొద్దంతా కూర్చుంది. మా జంపఖానా వెడల్పు ఎక్కువ, ఒక్కరి చెయ్యి ఈ కొస నుంచి ఆ కొసకు అందదు. అందుకని ఒకే మగ్గం మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుని నేస్తాం. ఎడమ పక్క నేను, కుడి పక్క మా ఆయన. నా రంగు దారం మధ్యదాకా పోయి, ఆయన దారాన్ని మెలేసుకుని వెనక్కి రావాలి. ఒకరు లేస్తే రెండోవాళ్లు కూడా పని ఆపి లేవాల్సిందే. ఆ దొరసాని అదంతా కళ్లార్పకుండా చూసి, మా ఇంట్లో టీ తాగి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఉత్తరం వచ్చింది. ఫ్రాన్సులో దక్షిణాన ఎక్కడో ఒక చిన్న ఊళ్లో నేత నేర్పే బడి ఉందట. మేమిద్దరం పది నెలలు అక్కడ ఉండి, మగ్గం వేసి, నేర్చుకునేవాళ్లకు ఈ పని చూపించాలట. దారి ఖర్చులు, ఇల్లు, తిండి అన్నీ వాళ్లే చూసుకుంటారు. సెప్టెంబరులో బడి తెరిచేసరికి అక్కడ ఉండాలి. ఇద్దరూ రావాలి, ఒక్కరైతే పిలవలేం అని రాసి ఆ వాక్యం కింద గీత కూడా గీశారు. నేను అప్పటికి హైదరాబాదు దాటి ఎరుగను. ఉత్తరం చదివించుకున్న పూట నాకు అన్నం సయించలేదు, అంతా సంతోషమే! మా ఆయన రెండుసార్లు గల్లీ చివరిదాకా నడిచి వచ్చాడు, ఎందుకో ఆయనకే తెలియదు. మా అత్తమ్మ ఒక్కతే నిబ్బరంగా ఉంది.

"పోండ్రి బిడ్డా, మీ పిల్లను నేను సూసుకుంట. మల్ల గిసొంటి మోక దొరుకుతదా?" అని, అప్పటికప్పుడే ఏ చీరలు తీసుకుపోవాలో ఏరడం మొదలుపెట్టింది.

మూడు నెలలకు మించి ఉండాలంటే మామూలు వీసా పనికిరాదని అప్పుడే తెలిసింది. ఎక్కువకాలం ఉండేవాళ్ల దరఖాస్తు ఫ్రెంచి కాన్సులేట్‌లో తీసుకుని వాళ్ల దేశానికి పంపిస్తారు, అక్కడ సరే అన్నాకే ముద్ర పడుతుంది. రెండు నెలలు పట్టవచ్చు. మేం పాండిచ్చేరి కాన్సులేట్‌కు స్వయంగా వెళ్లి ఇవ్వాలని దొరసానే రాసింది. ఇక చూడండి మా తిప్పలు! సుబేదారిలో ఉన్న సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మా ఆయన చెప్పులు అరిగిపోయాయి. పోలీసు సర్టిఫికెట్ ఒకటి, దవాఖాన సర్టిఫికెట్ ఒకటి, మాకు పెళ్లి అయిందని ఇంకొకటి. ఆ మూడోదాని సంగతి విని మా అత్తమ్మ నోరు నొక్కుకుంది.

"లగ్గానికి కాయిదమేంది? ఊరు ఊరంత తిని పోయిండ్రు గద!"

అన్నీ సమకూరేసరికి జూన్ నెల వచ్చేసింది. మిగిలింది ఫోటోలు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, నా కొంప ముంచినవి ఇవే.

నాకు ఆరేళ్లప్పుడు అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది గానీ మొహం నిండా గుంటలు గుంటలుగా మచ్చలు మిగిలాయి. పాస్‌పోర్టు కోసం హైదరాబాదు పోయినప్పుడు ఆఫీసు ఎదురుగా చెట్టు కింద డబ్బా కెమెరా పెట్టుకున్న ఒకాయన ఫోటో తీశాడు. అందులో ప్రతి మచ్చా ఎత్తి చూపినట్టు పడింది. పాస్‌పోర్టులో ఆనవాళ్లు రాసే చోట కూడా ముఖం మీద మశూచి మచ్చలు అని ఇంగ్లీషులో ఎక్కించారు. ఆ పుస్తకం చేతికి వచ్చిన రోజు ఒక్కసారి తెరిచి, టక్కున మూసి, తీసుకుపోయి చీరల మడతల కింద పెట్టేశాను. పాస్‌పోర్టులో ఎట్లాగూ దయ్యంలా ఉన్నాను, వీసాకైనా మంచి ఫోటో ఉండాలని పట్టుబట్టి ఫోటో మామ దగ్గరికి పోయాను.

ఫోటో మామ అంటే వరంగల్ స్టేషన్ రోడ్డులో స్టూడియో ఆయన. మా పేటలో అందరికీ మామే. ఆడపిల్లల పెళ్లిచూపుల ఫోటోలన్నీ ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. నెగెటివ్‌ను వెలుతురుకు అడ్డంగా పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో గంటలకొద్దీ దిద్ది, నల్లని పిల్లను తెల్లగా, లోపలికి పోయిన బుగ్గలను నిండుగా చేసి పంపేవాడు. మగవాళ్లకైతే ఒక నల్ల కోటు కొయ్యకు వేలాడుతూ ఉండేది. కాశిబుగ్గలో సగంమంది మగవాళ్ల ఫోటోల్లో ఉన్నది ఆ కోటే, మా ఆయన వీసా ఫోటోలో కూడా. నా పెళ్లిచూపుల ఫోటో కూడా మామ చలవే. అందులో నా మొహం వెన్న రాసినట్టు ఉంటుంది. మా ఆయన నన్ను చూడకముందు చూసింది ఆ ఫోటోనే. దాని గురించి ఆయన ఎన్నడూ ఒక్క మాట అనలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు, అడగడానికి భయం.

"దేశం గాని దేశం పోతాన్నవ్ బిడ్డా. మన వరంగల్ ఇజ్జత్ ఉంటది గద. నువ్వు ఫికర్ జేయకు, నేను జూస్కుంట" అన్నాడు మామ. మూడు రోజులు దిద్దాడు పాపం, ఎంతో ప్రేమగా. ఫోటోలు చేతికి వచ్చాక మొహం మీద చుక్క లేదు! నేను మురిసిపోయి వాటిని దరఖాస్తులకు నా చేతులతోనే అంటించాను.

బుధవారం సాయంత్రం వరంగల్‌లో ఢిల్లీ నుంచి మద్రాసు పోయే బండి ఎక్కాం. పడుకునే సీటు మనిషికి యాభై రూపాయల లోపే అని గుర్తు. కాగితాలన్నీ ఆయిల్‌క్లాత్ సంచిలో చుట్టి మా ఆయన తలకింద పెట్టుకున్నాడు. అత్తమ్మ కట్టిచ్చిన సర్వపిండి, మామిడికాయ తొక్కు ఖమ్మం రాకముందే సగం ఖాళీ చేశాం. తెల్లవారాక మద్రాసు సెంట్రల్‌లో దిగాం. పాండిచ్చేరి బస్సులు అప్పట్లో ప్యారిస్ కార్నర్ నుంచి బయలుదేరేవి. సామాను తక్కువైతే నడిచే పోవచ్చు, మేం నడిచాం. తిండివనం మీదుగా నాలుగు గంటలకు పైనే ప్రయాణం, టికెట్ పది పదిహేను రూపాయల మధ్య. పాండిచ్చేరిలో బస్టాండు దగ్గరే రోజుకు ఇరవై రూపాయలకు గది దొరికింది. సామాను పడేసి, మొహం కూడా కడుక్కోకుండా సముద్రం చూడడానికి పరుగెత్తాం.

నేను సముద్రం చూడడం అదే మొదటిసారి. ఎన్ని నీళ్లు, ఎంత చప్పుడు! నేను రాళ్ల మీద నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. మా ఆయన మెల్లగా అన్నాడు.

"మన ధర్మసాగర్ చెరువు అసొంటివి నూరు దెచ్చి పోసినా దీంట్ల కానరావు."

"దీని అవుతలి ఒడ్డుకే గద మనం పోయేది?" అన్నాను. ఆ సముద్రం అవతల ఉన్నది ఫ్రాన్సు కానే కాదని తర్వాత తెలిసింది గానీ, ఆ సాయంత్రం నా కళ్లకు అక్కడే ఎక్కడో దీపాలు వెలుగుతున్నట్టు అనిపించింది.

శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, ఎర్రంచు పోచంపల్లి చీర కట్టుకుని, తొమ్మిదికల్లా కాన్సులేట్‌లో ఉన్నాం. సముద్రానికి దగ్గరే, తెల్లటి గోడలు, ఎత్తైన కిటికీలు. ఎవరితో ఏ భాష మాట్లాడాలో అని గుమ్మంలోనే ఇద్దరం గుసగుసలాడుకున్నాం. మా మాటలు విని బల్ల వెనక ఉన్న గుమాస్తా తలెత్తాడు.

"తెలుగోళ్లాండి? ఎక్కణ్ణుంచొచ్చారండి?"

ప్రాణం లేచి వచ్చింది! ఆయనది యానాం. యానాం, పాండిచ్చేరి ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల కిందే ఉండేవి కదా, అందుకని అక్కడివాళ్లు ఇక్కడ ఉద్యోగాల్లో ఉన్నారు. మాట మాటకూ అండి తగిలించి, ఎంత తియ్యగా మాట్లాడాడో. మా ఆయన వరంగల్ అని చెప్పగానే, "అమ్మో, అంత దూరం నుంచాండి! కూచోండి కూచోండి" అని కుర్చీలు చూపించాడు. కాగితాలు ఒక్కొక్కటే సరిచూస్తూ నన్ను అడిగాడు.

"మీ ఆయన పేరు చెప్పండమ్మా."

నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన చెప్పొచ్చు కదా? పైకప్పు చూస్తూ ముసిముసిగా నవ్వుతున్నాడు, దుర్మార్గుడు! మొగుడి పేరు నోటితో ఎట్లా అంటాను?

"గా కాయిదం ఇటియ్యిండ్రి, రాసిస్త" అన్నాను.

"మా అమ్మా ఇంతేనండి" అని నవ్వి ఆయన పెన్ను ఇచ్చాడు.

ఆహ్వానం సరిగ్గా ఉంది, పోలీసు కాగితం ఉంది, దవాఖాన కాగితం ఉంది, పెళ్లి కాగితం కూడా ఉంది. మా ఆయన దరఖాస్తు పక్కన పెట్టి నాది తెరిచాడు. దాని పక్కన నా పాస్‌పోర్టు పెట్టాడు. ఇటు చూశాడు, అటు చూశాడు, తలెత్తి నన్ను చూశాడు. నవ్వు పోయింది.

"అమ్మా, ఈ ఫోటో మీదేనాండి? మీ చెల్లెలుగారిది గానీ పొరపాటున పెట్టేశారా?"

"నాకు చెల్లెలే లేదు. నాదే."

ఆయన ఇబ్బందిగా తల గోక్కుని, కాగితాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. కాసేపటికి నెరిసిన జుట్టుతో ఒక ఫ్రెంచావిడ వచ్చింది. దరఖాస్తులు తీసుకునే అధికారి ఆవిడే. కోపంగా ఏమీ లేదు. రెండు ఫోటోలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, వేలితో ఒకటి చూపించి, ఇంకొకటి చూపించి, నా మొహం వైపు పరిశీలనగా చూసింది. మా వెనక వరసలో ఉన్నవాళ్లందరూ కూడా చూశారు. ఆవిడ చెప్పినదాన్ని గుమాస్తా గొంతు తగ్గించి తెలుగులో చెప్పాడు.

"ఇందులో ఇద్దరు మనుషులున్నారంటున్నారండి. పాస్‌పోర్టులో ఉన్నావిడ మీరే, అది తెలుస్తోంది. ఈ ఫోటోలో ఉన్నావిడ ఎవరో తెలీదంటున్నారండి. ఇది ఒప్పుకోరండి."

మా ఆయన కాగితాలు మాత్రం తీసుకుంటారట. కోటు ఎవరిదైనా మొహం ఆయనదే కదా! మా ఆయన తన దరఖాస్తును బల్ల మీద నుంచి మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

"ఆమెది దీస్కుంటెనే నాది. ఒక్కన్ని బోయి ఆడ మగ్గం మీద ఏం జేయాలె, ఈగలు గొట్టాల్నా?"

గుమాస్తా ఇంకో సంగతి చెప్పాడు. ఇట్లాంటి దరఖాస్తులన్నీ కలిపి వాళ్ల దేశానికి పంపే సంచి ఆ రోజు మధ్యాహ్నమే కడతారు. మళ్లీ సంచి పోయేది పది రోజుల తర్వాత. జూన్ చివరికి వచ్చాం, రెండు నెలలంటే ఆగస్టు చివర, ఇంకో పది రోజులు పోతే బడి తెరిచేస్తారు. పైగా మర్నాడు మాకు మద్రాసు నుంచి తిరుగు టికెట్లున్నాయి. ముద్రల కోసం ఎట్లాగూ ఇంకోసారి రావాలి, ఈ ఫోటో కోసం కూడా మధ్యలో ఇంత దూరం రావడం మా వల్ల కాదు. పన్నెండున్నర లోపల కొత్త ఫోటోలు తెస్తే తీసుకుంటామని ఆవిడ అంది. గోడ గడియారం పదిన్నర దాటింది.

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడేసరికి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నలుగురిలో నా రెండు మొహాలను పక్కపక్కన పెట్టి బేరీజు వేయడం! కోపం ఆవిడ మీదో, ఫోటో మామ మీదో, నా మీదో తెలియదు. నా మూలంగా ఆయన పది నెలలు, ఆయన ఫ్రాన్సు కూడా పోతున్నాయి, అదే ఎక్కువ బాధ. మా ఆయన నా భుజం పట్టుకుని కుదిపాడు.

"ఏడుస్తానవేందే? ఏడ్సుడు ఉంటె రేపు బండిల ఏడుద్దువు, దారంత నీదే. ఇప్పుడైతె నడువ్!"

అప్పుడు కూడా ఆ మనిషికి వేళాకోళమే! యానాం ఆయన మా వెనకే బయటికి వచ్చి రిక్షాను పిలిచి, ఒక స్టూడియో గుర్తులు రిక్షా తాతకు అరవంలో చెప్పాడు. అక్కడి ఫోటో ఆయన కొన్నాళ్లు మద్రాసులో పనిచేశాడని, తెలుగు వస్తుందని నాతో అన్నాడు.

"ఒక్క మాటండమ్మా. దిద్దొద్దని గట్టిగా చెప్పండి. లేకపోతే ఆయనా దిద్దేస్తాడండి, అందరికీ అదే అలవాటు."

"జల్ది పో తాతా, జల్ది!" అని మా ఆయన రిక్షా మీద నుంచి ఒకటే అరుపు. అరవాయనకు ఆ మాట ఎట్లా అర్థమైందో గానీ, గాలికి కొట్టుకుపోయినట్టు తొక్కాడు.

స్టూడియో ఆయన దళసరి కళ్లద్దాల పెద్దాయన. మమ్మల్ని చూడగానే అలవాటుగా దువ్వెన, పౌడర్ డబ్బా ముందుకు జరిపాడు. పౌడర్ వద్దన్నాను. ఆశ్చర్యంగా చూసి, దీపాలు వేసి, ఫోటో తీశాడు. ఆ తర్వాత నింపాదిగా చేతులు తుడుచుకున్నాడు.

"సాయంత్రం రామ్మా. మొగమంతా నీటుగా చేసి ఇస్తాను."

"ఇప్పుడే గావాలె సారు. ఏం జేయొద్దు. ఉన్నది ఉన్నట్టు కడిగియ్యిండ్రి."

"అయ్యయ్యో, అట్లా ఎట్లామ్మా? ఇది నా స్టూడియోలో తీసిందని తెలిస్తే నా పేరేం గాను? అదో, అక్కడ పటాలు చూడు, అన్నీ నేను చేసిందే." గోడ నిండా పెళ్లికూతుళ్లు, ఒక్కరి మొహం మీద కూడా చిన్న మరక లేదు. "నీకు మంచికే చెబుతున్నాను. ఒక గంట ఉండు, కాస్త అయినా తీసేస్తాను."

ఆయన చేతిలో అప్పటికే పెన్సిల్ ఉంది. అచ్చం మా మామ పెన్సిల్ లాంటిదే, సూదిలా చెక్కింది. దాన్ని చూడగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"సారూ, గా పెన్సిల్ పక్కకు వెట్టుండ్రి! నా మొకం నాకు గావాలె. పక్కింటామెది గాదు, నాదే గావాలె. ఉత్తగ దెచ్చుకున్న మచ్చలు గావివి, పానం మీదికొస్తె మిగిలినయ్!"

అంత గట్టిగా నేను పరాయి మగవాడితో ఎన్నడూ మాట్లాడలేదు. మా ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పెద్దాయన పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, "కూర్చో తల్లీ, ఇంకోటి తీస్తాను, ఇందాక కళ్లు మూశావు" అని మళ్లీ దీపాలు వేశాడు. రెండోసారి తీసినప్పుడు నా కోపం ఇంకా దిగలేదు. ఆ నెగెటివ్ తీసుకుని ఆయన చీకటి గదిలోకి పోయాడు.

నాలుగు ఫోటోలు కడిగి బయటికి తెచ్చాడు, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది! ఆరబెట్టే మిషను ఆగిపోయింది. ఫోటోల నుంచి నీళ్లు కారుతున్నాయి. పన్నెండు దాటింది. పెద్దాయన నాలుక కరుచుకుని, దండెం మీద క్లిప్పులు తీసి ఒక్కో ఫోటోకు ఒకటి తగిలించి మా చేతుల్లో పెట్టాడు.

"గాలికి పట్టుకో. సముద్రం రోడ్డులో పో, ఆరిపోతుంది."

అర్జెంటుకు అని ఎక్కువేమీ తీసుకోలేదు. నాలుగింటికీ కలిపి ఆరేడు రూపాయలు ఇచ్చి రిక్షా ఎక్కాం. ఆ తాత సముద్రం రోడ్డు పట్టాడు. నేనొక పక్క రెండు ఫోటోలు, మా ఆయన ఇంకో పక్క రెండు ఫోటోలు, చేతులు బారచాపి పైకెత్తి పట్టుకున్నాం. గాలి ఎంత జోరుగా ఉందంటే ఫోటోలు తపతప కొట్టుకుంటున్నాయి. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు, పిల్లలు చేతులూపారు, ఒక పోలీసాయన టోపీ వెనక్కి నెట్టి మరీ చూశాడు. ఊహ తెలిసినప్పటినుంచి కొంగు చాటున దాచుకున్న మొహం, పాండిచ్చేరి నడిబజారులో నాలుగు కాపీలుగా ఊరేగింది! సిగ్గుపడాల్సింది పోయి నాకు నవ్వు మొదలైంది. ఆపుదామంటే ఆగలేదు. మా ఆయన కూడా నవ్వుతూ, "జర గట్టిగ వట్టుకో, సముద్రంల వడ్డవంటె నేను దూక" అని అరుస్తున్నాడు.

యానాం ఆయన గేటు దగ్గరే నిలబడి దారి చూస్తున్నాడు. "రండి రండి, ఇంకా ఉందండి టైము" అంటూ మాకంటే ముందు ఆయనే లోపలికి పరుగెత్తాడు. పాత ఫోటో పీకేసి కొత్తది అంటించారు. ఆ ఫ్రెంచావిడ వచ్చి ఫోటో చూసింది, పాస్‌పోర్టు చూసింది, నన్ను చూసింది. ఈసారి నేను తల దించలేదు. ఆవిడ ఏదో అని, ముద్ర కొట్టి, మా ఇద్దరి దరఖాస్తులూ ఒకదానిమీద ఒకటి పెట్టి ట్రేలో వేసింది.

"ఏమన్నరు?" అని అడిగాను.

"ఇప్పుడు ఒక్కరే ఉన్నారు, సరిపోయింది అన్నారండి" అని చెప్పాడు గుమాస్తా, తనకే వీసా వచ్చినంత సంబరంగా.

బజారులో ఒక మెస్సులో ఆకు మీద భోజనం, మూడు రూపాయలో ఏమో, అడిగినంత సాంబారు. ఆకలి దంచేస్తోంది ఇద్దరికీ. వాళ్లకు మూడు ఫోటోలే కావాలి, నాలుగోది నా దగ్గర మిగిలింది. చెయ్యి కడుక్కుని వచ్చి దాన్ని మొదటిసారి తీరిగ్గా చూశాను. మచ్చలున్నాయి, బుగ్గల మీద, ముక్కు మీద, నుదుటి మీద. వాటి మధ్యలో మా అమ్మ కళ్లున్నాయి. పెద్దాయన మీద అరిచిన కోపం ఇంకా ఆ కళ్లలో ఉంది. బాగానే ఉంది కదా ఈ మనిషి అనిపించింది. ఎన్నేళ్లుగానో గొంతులో ఉన్న ప్రశ్న అప్పుడు బయటికి వచ్చింది.

"లగ్గానికి ముందుగాల నా ఫోటో జూసినవ్ గద. తర్వాత నన్ను జూసి మోసపోయిన్ననుకున్నవా?"

ఆయన అరటాకు మడుస్తూ ఆగాడు. ఈసారి వేళాకోళం లేదు.

"గా ఫోటోల ఉన్నామె ఎవ్వలో నాకు తెల్వదు సరోజనా. ఒక్కనాడు గూడ కలువలే. మగ్గం మీద నా ఎడమ పక్క కూసునేది గీమెనే" అని, నా చేతిలోంచి ఫోటో తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇది నాకుండనీ."

నేను మజ్జిగ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తాగాను.

ఆగస్టు చివరి వారంలో కాన్సులేట్ నుంచి కబురు వచ్చింది, ఇద్దరికీ కలిపే. మళ్లీ పాండిచ్చేరి పోయి ముద్రలు వేయించుకుని, యానాం ఆయనకు సకినాలు ఇచ్చి, పది నెలలు ఫ్రాన్సులో ఎడమ పక్క నేను, కుడి పక్క ఆయన కూర్చుని నేసి వచ్చాం. ఆ చలి, ఆ రొట్టె, అక్కడివాళ్లకు నేను చేసిన పచ్చిపులుసు, అదంతా చెప్తే పొద్దుగూకుతుంది. నన్ను ఎవరైనా ఆ ప్రయాణంలో బాగా గుర్తున్నది ఏమిటని అడిగితే మాత్రం నేను ఫ్రాన్సు సంగతి చెప్పను, పాండిచ్చేరిలో ఆ రిక్షా సంగతే చెప్తాను. ఫోటో మామకు తిరిగి వచ్చాక ఆయన దిద్దిన ఫోటో ఇచ్చేశాను. పాపం, ఏమైందో చెప్పలేదు. "ఫోటో పనికొచ్చిందా బిడ్డా?" అంటే, "మస్తు పనికొచ్చింది మామా" అన్నాను. అబద్ధమేమీ కాదు, అది లేకపోతే నేను ఆ పెద్దాయన మీద అరిచేదాన్నా?

ఇక మీకు పనికొచ్చే మాట ఒకటి. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లలోనే నడుస్తున్నాయి, ముందుగా రోజు, సమయం తీసుకోవాలి, మీ ఊరి దరఖాస్తులు ఏ కాన్సులేట్ తీసుకుంటుందో ముందే చూసుకోవాలి. అవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. తెలియనిది ఫోటో సంగతి. మొన్న మా మనవరాలు వీసాకని ఫోన్లో ఫోటో తీసి చూపించింది. దాని చెంప మీద చిన్నప్పటి కాలిన మచ్చ లేదు! ఫోన్ దానంతట అదే తుడిచేసిందట. వీసా ఫోటోకు ముందు ఫోన్లో ఆ మెరుగులు దిద్దే పనిని ఆపేయండి, స్టూడియోకు పోతే ఏమీ దిద్దొద్దని నోరు తెరిచి చెప్పండి. మా పిల్ల వినలేదు, ఇట్లాగే బాగుంది అంది. అప్పుడు వాళ్ల తాత లేచి, పెట్టెలోంచి ఒక చిన్న ఫోటో తెచ్చి దాని చేతిలో పెట్టాడు. ఆ రోజు సముద్రపు గాలికి తొందరపడి ఆరింది కదా, ఇప్పటికీ అంచులు పైకి లేచే ఉన్నాయి. పిల్ల దాన్ని చాలాసేపు చూసి, ఫోన్ నా చేతికిచ్చి, కిటికీ దగ్గర వెలుతురులో నిలబడింది.

"అమ్మమ్మా, మల్ల తియ్యి" అంది.